నూనె మట్టి, రెండు బ్యాక్టీరియాలు, ఒక ప్లాస్మిడ్: తిరుపతి ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

"బ్యాక్టీరియా నాఫ్తలీన్‌ను తింటోంది. జెల్ మీద ప్లాస్మిడ్ బ్యాండ్ కనిపిస్తోంది. కాబట్టి నాఫ్తలీన్‌ను విరగ్గొట్టే జన్యువులు ప్లాస్మిడ్ మీదే ఉన్నాయి." ఏటా నా టేబుల్ మీదికి వచ్చే ఎం.ఎస్సీ. ప్రాజెక్టు రిపోర్టుల్లో చాలావాటికి ఈ మూడు వాక్యాలే ఆధారం. (ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియాలో క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ. బ్యాండ్ అంటే జెల్ మీద డీఎన్ఏ కనిపించే గీత.) నా పేచీ అంతా ఆ "కాబట్టి" దగ్గరే. బ్యాండ్ ఉండటం వేరు, మనకు కావలసిన జన్యువు ఆ బ్యాండ్‌లో ఉండటం వేరు. ప్లాస్మిడ్ పోతే గుణం పోవాలి. ఆ ప్లాస్మిడ్‌ను ఇంకో బ్యాక్టీరియాకు అందిస్తే గుణం దానికి రావాలి. ఈ రెండూ చూపించగలమా అని ఇద్దరు ప్రాజెక్టు పిల్లలతో కలిసి తిరుపతిలోని మా కాలేజీ ల్యాబ్‌లో చేసిన పని ఇది. ఎక్కడ ఏం చెడింది, ఏం మార్చాం అన్నదే ఎక్కువగా రాస్తున్నాను.

పని మొదలుపెట్టేవాళ్లకు కావలసిన నేపథ్యం కొంచెమే. బెంజీన్ వలయాన్ని (ఆరు కార్బన్ల ఉంగరాన్ని; నాఫ్తలీన్‌లో ఇవి రెండు అతుక్కుని ఉంటాయి) విరగ్గొట్టే జన్యువులు ప్లాస్మిడ్ మీద ఉంటాయనడానికి పాత, గట్టి ఉదాహరణలు రెండు. ఒకటి టోల్ ప్లాస్మిడ్, అంటే పి-డబ్ల్యూ-డబ్ల్యూ-0. సూడోమోనాస్ పుటిడా ఎం.టి.-2లో ఇది ఉందని 1974లో విలియమ్స్, మర్రే చూపించారు. పొడవు 1,16,580 బేస్ జతలు (డీఎన్ఏ నిచ్చెనలో మెట్లు). దీని మీద జన్యువులు రెండు గుంపులుగా ఉంటాయి. మొదటి గుంపు టోలుయిన్‌ను బెంజోయేట్ దాకా తెస్తుంది. రెండో గుంపు బెంజోయేట్‌ను క్యాటికాల్‌గా మార్చి, ఆ వలయాన్ని మెటా పద్ధతిలో (రెండు ఓ.హెచ్.లకు పక్కన) తెంచి, చివరికి పైరువేట్, ఎసిటాల్డిహైడ్‌గా వదులుతుంది. రెండో ఉదాహరణ నాహ్-7. పొడవు 82,232 బేస్ జతలు. ఇది నాఫ్తలీన్‌ను సాలిసిలేట్‌గా, సాలిసిలేట్‌ను క్యాటికాల్‌గా మారుస్తుంది. అక్కడి నుంచి దారి దాదాపు టోల్ దారే.

అలాగని నాఫ్తలీన్ జన్యువులన్నీ ప్లాస్మిడ్ మీదే ఉంటాయనుకోకూడదు. సూడోమోనాస్ స్టట్జరి ఏ.ఎన్.-10లో అవి క్రోమోజోమ్ మీదే ఉన్నాయి. ఈ ఒక్క ఉదాహరణతోనే పైన చెప్పిన మూడో వాక్యం కూలిపోతుంది.

1వ దశ: మట్టి

రేణిగుంట రోడ్డు పక్కన లారీ షెడ్లలో, వాడేసిన ఇంజన్ ఆయిల్, డీజిల్ ఏళ్ల తరబడి ఇంకిన నేల నుంచి మట్టి తీశాం. పైన గట్టిపడిన నల్ల పొరను పక్కకు గీకి, కింద 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతున ఉన్నది తీసుకోవాలి. పైపొరలో ఎండకు మాడినవే ఎక్కువ. ఒక షెడ్డు మేస్త్రీ కాసేపు చూసి, "ఏందమ్మా, నూనె మట్టి ఎత్తకపోతా ఉండారు? దీంట్లో బంగారం ఏమన్నా ఉందా?" అన్నాడు. పోల్చి చూడటానికి నూనె పడని తోట మట్టి కూడా తెచ్చాం. అందులోనూ నాఫ్తలీన్ తినేవి దొరికాయి, కాకపోతే తక్కువ. ఆకులు, వేళ్లు కుళ్లినప్పుడు వలయాలున్న పదార్థాలు ఎన్నో వస్తాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, 4 డిగ్రీల దగ్గర ఉంచాం. ఈ దశ గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

2వ దశ: తిండి పెట్టడం

మీడియం బుష్నెల్-హాస్, అంటే కార్బన్ తిండి లేని లవణాల ద్రవం. లీటరుకు:

1. మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రాములు
2. కాల్షియం క్లోరైడ్ 0.02 గ్రాములు
3. మోనో పొటాషియం ఫాస్ఫేట్ 1 గ్రాము
4. డై పొటాషియం ఫాస్ఫేట్ 1 గ్రాము
5. అమ్మోనియం నైట్రేట్ 1 గ్రాము
6. ఫెర్రిక్ క్లోరైడ్ 0.05 గ్రాములు, పీహెచ్ 7

ఆటోక్లేవ్ నుంచి తీశాక ఇందులో ఫాస్ఫేట్ మడ్డి కడుతుంది. ఆ మడ్డితోనే ఓ.డి. (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) చూస్తే బ్యాక్టీరియా వేయని ఫ్లాస్క్ కూడా 0.1 దాకా చూపిస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్‌ను విడిగా ఫిల్టర్ చేసి, మీడియం చల్లారాక కలిపితే మడ్డి బాగా తగ్గింది. అయినా ఓ.డి.ని నమ్ముకోకుండా ప్లేట్ కౌంట్ (అగర్ ప్లేట్ మీద పెరిగిన కాలనీలను లెక్కపెట్టడం) మీదే నడిచాం.

నాఫ్తలీన్ దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఖర్చు తగ్గుతుందని పిల్లలు బజారులో కలరా ఉండలు కొన్నారు. ఫ్లాస్కుల్లో ఏమీ పెరగలేదు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు నాఫ్తలీన్ కాదు, పారా డైక్లోరోబెంజీన్. క్లోరిన్ తగిలించుకున్న వలయాన్ని విరగ్గొట్టడానికి వేరే జన్యువులు కావాలి. ఏది ఏదో తేల్చడానికి ఉప్పు నీళ్లు చాలు:

1. మామూలు నీళ్లలో వేయండి. తేలితే కర్పూరం.
2. మునిగితే, 100 మిల్లీలీటర్ల నీళ్లలో 36 గ్రాముల ఉప్పు కరిగించి అందులో వేయండి. తేలితే నాఫ్తలీన్.
3. ఉప్పు నీళ్లలో కూడా మునిగితే పారా డైక్లోరోబెంజీన్.

ఆ తర్వాత ల్యాబ్ గ్రేడ్ నాఫ్తలీన్ తెప్పించాం. (తిరుపతిలో ఉండి కర్పూరం సంగతి ఎత్తకుండా ఎలా? కర్పూరాన్ని తినే జన్యువులున్న క్యామ్ ప్లాస్మిడ్ కూడా ఉంది, 1973లోనే దాన్ని వర్ణించారు. కానీ కర్పూరంలో బెంజీన్ వలయం లేదు, అది టెర్పీన్ జాతి. వాసనను బట్టి దాన్ని ఈ జాబితాలో చేర్చకండి.)

నాఫ్తలీన్ 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 31 మిల్లీగ్రాములే కరుగుతుంది. అందుకని చాలామంది ఎసిటోన్‌లోనో ఆల్కహాల్‌లోనో కరిగించి పోస్తారు. అలా పోస్తే బ్యాక్టీరియా ముందు ఆ ఆల్కహాల్‌నే తినేస్తుంది. మేం ఖాళీ ఫ్లాస్కులో ఎసిటోన్ ద్రావణం పోసి, ఎసిటోన్ పూర్తిగా ఆవిరయ్యాకే మీడియం పోశాం. గాజుకు అంటుకున్న పలుకుల నుంచి నాఫ్తలీన్ కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. అది చాలు.

టోలుయిన్ అలా కుదరదు. మీడియంలో నేరుగా పోస్తే కణాల పొరలే కరిగిపోతాయి. చిన్న గాజు గొట్టంలో పోసి, దాన్ని ఫ్లాస్కు లోపల నిలబెట్టి, ఆవిరి మాత్రం అందేలా చేశాం. టోలుయిన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలే. ఫ్యూమ్ హుడ్‌లో తప్ప దాని మూత తీయొద్దు, బర్నర్ వెలుగుతున్న గదిలోకి సీసాను తేనే వద్దు.

నాఫ్తలీన్ ఎంత తగ్గిందో కొలవబోయి ఇంకో తలనొప్పి. హెక్సేన్‌తో లాగి 276 నానోమీటర్ల దగ్గర చూస్తే, బ్యాక్టీరియా వేయని ఫ్లాస్కులోనూ రెండు రోజుల్లో మూడో వంతుకు పైగా మాయమైంది. దూది బిరడా గుండా ఆవిరైపోయిందన్నమాట. టెఫ్లాన్ మూత ఉన్న సీసాలకు మారాం. ఐదో వంతే నింపి మిగతాది గాలికి వదిలాం. వలయం మీద మొదటి దెబ్బ వేసే డైఆక్సిజనేజ్‌కు ఆక్సిజన్ కావాలి, నిండుగా నింపిన సీసాలో అది అయిపోతుంది. మూత మార్చాక, బ్యాక్టీరియా లేని సీసాలో తగ్గుదల నూటికి ఐదు లోపే ఉంది.

ఇప్పటికి లెక్క: ప్లేట్ల మీద నుంచి ఏరిన కాలనీలు 38. ఖర్చు సుమారు రూ. 3,900.

3వ దశ: 38 నుంచి 12కు

ప్లేట్ మూత లోపల నాఫ్తలీన్ పలుకులు చల్లి, ప్లేట్ బోర్లించి పెట్టడం పాత పద్ధతి. అది బాగానే పనిచేస్తుంది, కంట్రోల్ ప్లేట్లను నమ్మగలిగితే. మా కంట్రోల్ ప్లేట్ల మీద, అంటే ఏ తిండీ పెట్టనివాటి మీద, కాలనీలు దాదాపు అంతే వచ్చాయి. కారణాలు రెండు.

మొదటిది, ఒకే ఇన్‌క్యుబేటర్‌లో నాఫ్తలీన్ ప్లేట్లు, కంట్రోల్ ప్లేట్లు పక్కపక్కన ఉన్నాయి. ఆవిరికి ప్లేటు మూత అడ్డం కాదు. కంట్రోల్ ప్లేట్లను గట్టిగా మూత పడే స్టీలు డబ్బాలో పెట్టి వేరే గదికి మార్చాం. రెండోది అగర్. అందులో ఉండే మలినాలతోనే బతికేసే బ్యాక్టీరియాలు ఉన్నాయి. శుద్ధి చేసిన అగర్‌కు మారాక 38లో 17 కాలనీలు తిండి లేని ప్లేట్ మీద కూడా అంతే పెరిగాయని తేలింది. వాటిని తీసేశాం. మిగిలినవి 21.

తర్వాత వేడి. ఇది ఏప్రిల్‌లో, మేలో పనిచేసేవాళ్లకు తప్పనిసరి సంగతి. మామూలు ఇన్‌క్యుబేటర్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. 30 దగ్గర సెట్ చేసి తలుపు వేసినా, గది 38 ఉంటే లోపల 38కి పైనే ఉంటుంది. డిస్‌ప్లేలో అంకెను చూసి ఊరుకోకుండా లోపల ఒక థర్మామీటర్ పెట్టండి. ఆ వేడిలో సూడోమోనాస్ పుటిడా కుంగిపోతుంది, సూడోమోనాస్ ఏరుజినోసా విజృంభిస్తుంది. మా మొదటి ఫ్లాస్కులు రెండు రోజుల్లో పచ్చగా మారి, ద్రాక్షపళ్ల వాసన కొట్టాయి. పిల్లలకు చూడముచ్చటగానే ఉంది కానీ అది పుండ్లకు, కాలిన గాయాలకు పట్టే జాతి. బి.ఎస్సీ. పిల్లలు కూడా తిరిగే ల్యాబ్‌లో దాన్ని లీటర్ల కొద్దీ పెంచడం నాకు ఇష్టం లేదు.

చేసిన మార్పులు:

1. చల్లబరచగల బీవోడీ ఇన్‌క్యుబేటర్‌లో చోటు సంపాదించాం. పెరుగు మీద ప్రాజెక్టు చేస్తున్న బ్యాచ్‌తో పంపకం చేసుకుని కింది రెండు అరలు తీసుకున్నాం. నాఫ్తలీన్ వాసన పెరుగుకు అంటుతుందని వాళ్లు గోల పెడితే మా డబ్బాలకు రెండో మూత వేయాల్సి వచ్చింది.
2. ప్రతి కాలనీని 42 డిగ్రీల దగ్గర కూడా పెంచి చూశాం. అక్కడ పెరిగినవన్నీ ఆటోక్లేవ్‌కు పోయాయి.
3. కరెంటు పోయినప్పుడు బీవోడీ తలుపు తీయకూడదని దాని మీదే కాగితం అంటించాం.

42 డిగ్రీల దగ్గర పెరిగినవి 9.

ఇప్పటికి లెక్క: 38 – 17 – 9 = 12.

4వ దశ: పసుపు రంగు

క్యాటికాల్ పరీక్షలో ఉన్న సుఖం ఏమిటంటే సమాధానం కంటికే కనిపిస్తుంది. మెటా పద్ధతిలో వలయాన్ని తెంచే ఎంజైమ్, క్యాటికాల్ 2,3-డైఆక్సిజనేజ్, రంగు లేని క్యాటికాల్‌ను 2-హైడ్రాక్సీమ్యూకోనిక్ సెమీఆల్డిహైడ్‌గా మారుస్తుంది. అది పసుపు. కాలనీ మీద చల్లితే నిమిషంలోపే నిమ్మపండు రంగు తేలుతుంది. టోల్ మీద ఈ ఎంజైమ్‌కు జన్యువు జైల్-ఈ. పొడవు 924 బేస్ జతలు.

మొదటి విడతలో 12లో ఒక్కటీ పసుపు కాలేదు. పిల్లలు వాటిని న్యూట్రియెంట్ అగర్ మీద పెంచి, క్యాటికాల్ చల్లారు. మంచి భోజనం దొరికినప్పుడు ఈ జన్యువులు పనిలోకి దిగవు. నాహ్ జన్యువులను లేపడానికి సాలిసిలేట్ కావాలి. టోల్‌లో కింది గుంపును బెంజోయేట్‌గానీ మెటా టోలుయేట్‌గానీ (మిథైల్ తగిలిన బెంజోయేట్; ఈ మెటా పేరులో భాగమే, తెంచే పద్ధతి కాదు) లేపుతుంది. కాలనీలను నాఫ్తలీన్ మీద, టోలుయేట్ మీద పెంచి మళ్లీ చల్లితే 7 పసుపు.

పద్ధతి:

1. క్యాటికాల్ 1.1 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో. అదే రోజు కలపాలి. నిలవ ఉంటే గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ రంగును చూసి పాజిటివ్ అని రాసేస్తారు.
2. చల్లే ముందు ప్రతి కాలనీకి ఇంకో ప్లేట్ మీద నకలు పెట్టుకోవాలి. క్యాటికాల్ తగిలిన కణాలు బతకడం అనుమానమే.
3. గ్లవ్స్, మాస్కు, ఫ్యూమ్ హుడ్. క్యాటికాల్ చర్మానికి మంచిది కాదు, పొగమంచులా చల్లుతాం కాబట్టి ఇంకా ప్రమాదం.

పసుపు కాని 5 కాలనీలను చెత్తలో వేయలేదు. వలయాన్ని ఆర్థో పద్ధతిలో (రెండు ఓ.హెచ్.ల మధ్య) తెంచేవీ, క్యాటికాల్ జోలికే పోకుండా జెంటిసేట్ దారిలో వెళ్లేవీ ఉంటాయి. మా ప్రశ్నకు పనికిరావు, అంతే.

7లో ఎన్ని నిజంగా వేరువేరు? ఒకే షెడ్డు మట్టిలో పెరిగి విస్తరించిన ఒకే బ్యాక్టీరియాను నాలుగుసార్లు ఏరి, నాలుగు పేర్లు పెట్టి ఉండొచ్చు. బాక్స్ పీసీఆర్‌లో, అంటే వేలిముద్రలా జాతిని పట్టిచ్చే డీఎన్ఏ పరీక్షలో, గీతల వరుసలు చూస్తే 4 రకాలు. వాటిలో రెండింటిని ముందుకు తీసుకెళ్లాం: నాఫ్తలీన్ మీద బాగా పెరిగే ఎన్-4, టోలుయిన్ ఆవిరి మీదా మెటా టోలుయేట్ మీదా పెరిగే టి-2.

ఇండోల్ పరీక్ష కూడా పెట్టాం. నాఫ్తలీన్ డైఆక్సిజనేజ్ ఇండోల్‌ను పట్టుకుని మార్చితే చివరికి నీలిమందు తయారవుతుంది. దీన్ని 1983లో ఎన్స్‌లీ బృందం చూపించింది. ఎన్-4 కాలనీలు నిజంగానే నీలంగా తిరిగాయి, ల్యాబ్‌లో అందరూ ఫోటోలు తీసుకున్నారు. మల్లెపూలలో కూడా ఉండే పదార్థమే అయినా, సీసా మూత తీస్తే ఇండోల్ కంపు భరించలేం. ఫోటోలు బాగానే వచ్చాయి గానీ, జన్యువు ఎక్కడుందో ఈ పరీక్ష చెప్పదు.

ఇప్పటికి లెక్క: చేతిలో 2. ఖర్చు రూ. 6,450.

5వ దశ: బ్యాండ్ కనిపించకపోవడం

మినీప్రెప్ కిట్‌తో (ప్లాస్మిడ్ తీసే రెడీమేడ్ కిట్) రెండింటిలోనూ చీకిపోయిన మసక తప్ప ఏమీ రాలేదు. "ప్లాస్మిడ్ లేదు మేడమ్" అని పిల్లలు రాసుకోబోయారు. కిట్లు 10, 15 వేల బేస్ జతల ప్లాస్మిడ్‌ల కోసం, అదీ కణానికి వందల నకళ్లు ఉండేవాటి కోసం తయారుచేసినవి. మనం వెతికేది లక్షకు అటూ ఇటూ ఉండేది, కణానికి ఒకటో రెండో ఉండేది. అంత పొడవు డీఎన్ఏ, పిపెట్ టిప్‌లోంచి ఒక్కసారి గట్టిగా లాగితేనే తెగుతుంది. వోర్టెక్స్ (ట్యూబ్‌ను గిరగిరా ఊపే యంత్రం) మీద పెడితే ఇక చెప్పక్కర్లేదు.

1981 నాటి కాడో-లియు పద్ధతికి మారాం:

1. రాత్రి పెంచిన కల్చర్ 3 మిల్లీలీటర్లు. మరీ చిక్కటి కల్చర్ వద్దు, జిగురు ఎక్కువవుతుంది.
2. లైసిస్ (కణాలను పగలగొట్టే) ద్రావణంలో ఎస్.డి.ఎస్. (డిటర్జెంట్) 3 శాతం, ట్రిస్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 12.6. ఈ పీహెచ్ దగ్గరే ఆట అంతా. 12.3 దగ్గర క్రోమోజోమ్ మిగిలిపోయింది. మీటర్‌ను అదే రోజు పీహెచ్ 10 బఫర్‌తో సరిచేసుకోండి.
3. 60 డిగ్రీల నీళ్లలో అరగంట నుంచి గంట.
4. ఫినాల్-క్లోరోఫామ్. ట్యూబ్‌ను చేత్తో మెల్లగా తలకిందులు చేయడమే, ఊపకూడదు.
5. పై పొరను, కొన కత్తిరించిన టిప్‌తో తీసి నేరుగా జెల్‌లోకి. ఆల్కహాల్‌తో అవక్షేపం చేయొద్దు.
6. అగరోజ్ 0.7 శాతం, తక్కువ వోల్టేజీ, రాత్రంతా.

రాత్రంతా నడిచే జెల్‌కు కరెంటు కోత పెద్ద శత్రువు. పవర్ ప్యాక్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్చేదాకా జెల్‌లు సగంలో ఆగి, బ్యాండ్లు అలుక్కుపోయాయి.

చివరికి రెండింటిలోనూ బ్యాండ్ వచ్చింది. టి-2 బ్యాండ్ చాలా పైన, ఎన్-4ది దానికి కొంచెం కింద. కొలత కోసం వేరే పరిశోధన ల్యాబ్ నుంచి ఎం.టి.-2ను తెచ్చుకున్నాం. టి-2 బ్యాండ్ ఎం.టి.-2 బ్యాండ్ పక్కనే నిలబడింది.

వెంటనే వచ్చే అనుమానం: టి-2 అంటే మన ల్యాబ్‌లో చిందిన ఎం.టి.-2నేమో? ఇది అడగాల్సిన ప్రశ్నే. టి-2ను గ్లిసరాల్‌లో నిలవ చేసిన తేదీ, ఎం.టి.-2 మా గడప తొక్కిన తేదీకన్నా ముందుది. ఆ పాత ట్యూబ్ నుంచే మళ్లీ పెంచి బాక్స్ పీసీఆర్ చేశాం, రెండింటి వరుసలు వేరు. తెలిసిన జాతిని ల్యాబ్‌లోకి తెచ్చేముందే సొంత కాలనీలను నిలవ చేసుకోండి. తర్వాత ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు.

ఇప్పటికి లెక్క: ఖర్చు రూ. 11,200. మామూలు రిపోర్టు ఇక్కడే ముగుస్తుంది.

6వ దశ: పోగొట్టడం

ప్లాస్మిడ్‌ను పోగొట్టడానికి ఎక్కువగా ఎథిడియం బ్రోమైడ్, యాక్రిడిన్ ఆరెంజ్, మైటోమైసిన్ వాడతారు. ఇవన్నీ డీఎన్ఏను చెడగొట్టేవే. గుణం పోయినా, ప్లాస్మిడ్ పోయిందో జన్యువు చెడిందో చెప్పడం కష్టం. టోల్ విషయంలో ఇంతకన్నా మంచి దారి ఉంది, విలియమ్స్, మర్రే పట్టుకున్నదే: బెంజోయేట్. సాస్‌లలో, జామ్‌లలో పాడవకుండా కలిపేది, లేబుల్ మీద 211 అని ఉండేది.

కారణం చూడండి. బెంజోయేట్‌ను తినడానికి ఈ బ్యాక్టీరియా దగ్గర రెండు దారులున్నాయి. ప్లాస్మిడ్ మీద మెటా దారి, క్రోమోజోమ్ మీద ఆర్థో దారి. ప్లాస్మిడ్ జన్యువులు ఉన్న కణం మెటా దారిలో పోతుంది, అది నిదానం. అవి పోయిన కణం ఆర్థో దారిలో పోయి త్వరగా పెరుగుతుంది. అంటే బెంజోయేట్ ప్లాస్మిడ్‌ను తరిమేయదు. తనంతట తాను పోగొట్టుకున్న కణం పందెంలో గెలుస్తుంది. మెటా టోలుయేట్ మీద మాత్రం ఆర్థో దారి పనికిరాదు, ప్లాస్మిడ్ జన్యువులు ఉంటేనే పెరుగుదల. ఇదే మన జల్లెడ.

1. సోడియం బెంజోయేట్ 5 మిల్లీమోలార్, అంటే లీటరుకు 0.72 గ్రాములు.
2. 10 మిల్లీలీటర్లలో 10 మైక్రోలీటర్ల పాత కల్చర్. ఒక్కో మార్పిడికి సుమారు 10 తరాలు.
3. పక్కనే అదే కల్చర్ సక్సినేట్‌లో, అంటే ప్లాస్మిడ్ జన్యువులు అక్కర్లేని తిండిలో. ఇది లేకపోతే ఈ ప్రయోగానికి అర్థం లేదు.
4. కాలనీలను ఆటోక్లేవ్ చేసిన టూత్‌పిక్‌లతో ముందు మెటా టోలుయేట్ ప్లేట్ మీద, తర్వాత బెంజోయేట్ ప్లేట్ మీద పొడవాలి. మెటా టోలుయిక్ ఆమ్లం చల్లటి నీళ్లలో కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో పీహెచ్ 7కు తెస్తే కరుగుతుంది. 5 మిల్లీమోలార్‌కు లీటరుకు 0.68 గ్రాములు.

100 టి-2 కాలనీల్లో మెటా టోలుయేట్ మీద పెరగనివి:

10 తరాలు: బెంజోయేట్ 0, సక్సినేట్ 0
30 తరాలు: బెంజోయేట్ 6, సక్సినేట్ 0
50 తరాలు: బెంజోయేట్ 38, సక్సినేట్ 0
70 తరాలు: బెంజోయేట్ 81, సక్సినేట్ 1

గుణం పోయినవాటిలో 8 తీసుకుని క్యాటికాల్ చల్లితే ఏదీ పసుపు కాలేదు. జైల్-ఈ పీసీఆర్‌లో (ఆ జన్యువు ఉంటే నకళ్లు తీసి చూపే పరీక్ష) ఎనిమిదింటికీ బ్యాండ్ లేదు. అదే డీఎన్ఏతో 16ఎస్ (ప్రతి బ్యాక్టీరియాలో ఉండే జన్యువు) పీసీఆర్ ఎనిమిదింటికీ 1,500 దగ్గర వచ్చింది. ఈ రెండోది పెట్టకపోతే "బ్యాండ్ రాలేదు" అన్నమాటకు విలువ లేదు, డీఎన్ఏయే సరిగా తీయలేదేమో ఎవరికి తెలుసు.

ఇక ప్లాస్మిడ్ జెల్. ఎనిమిదింటిలోనూ ఖాళీ వస్తుందని పిల్లలు ఎదురుచూశారు. మూడింటిలోనే ఖాళీ. మిగతా ఐదింటిలో బ్యాండ్ ఉంది, కానీ కిందికి జరిగింది.

నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో నచ్చింది ఈ ఐదే. పి-డబ్ల్యూ-డబ్ల్యూ-0లో జన్యువుల గుంపులు రెండింటికీ రెండు కొసల్లో, 1,400 బేస్ జతల పొడవున్న ఒకేలాంటి వరుసలు ఉంటాయి. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిస్తే మధ్యలో ఉన్న 39 వేల బేస్ జతల ముక్క ఊడిపోతుంది, ఆ వలయాలను విరగ్గొట్టే జన్యువులన్నింటితో సహా. మిగిలే ప్లాస్మిడ్ 78 వేలకు దగ్గర. అది మామూలుగానే రెట్టింపవుతూ, తరతరాలకు అందుతూ ఉంటుంది. గుణం మాత్రం ఉండదు. మా ఎం.టి.-2ను కూడా ఇదే బెంజోయేట్‌లో పెట్టి, అందులోంచి ముక్క ఊడిన కణాన్ని పక్క గాడిలో వేశాం. దాంతో ఒకే జెల్ మీద మాకు 117 వేలు, 78 వేలు రెండు కొలతలూ దొరికాయి. టి-2 నుంచి వచ్చిన ఐదు బ్యాండ్లూ ఆ 78 వేల బ్యాండ్ ఎత్తులోనే ఉన్నాయి.

జెల్ ఒక్కటే చూసేవాళ్లు ఈ ఐదింటిని "ప్లాస్మిడ్ ఉంది, గుణం లేదు, కాబట్టి జన్యువులు క్రోమోజోమ్ మీద ఉన్నాయి" అని రాసేస్తారు. పీసీఆర్ ఒక్కటే చూసేవాళ్లు ఎనిమిదింటిలోనూ "ప్లాస్మిడ్ పోయింది" అని రాస్తారు. రెండూ తప్పే.

ఎన్-4 సంగతి ఇంత ముచ్చటగా లేదు. బెంజోయేట్ చిట్కా దానికి వర్తించదు. ఎస్.డి.ఎస్. తోనూ, అది తట్టుకోగల గరిష్ఠ వేడి దగ్గర 36 డిగ్రీల్లో పెంచీ చూశాం. నాఫ్తలీన్ మీద పెరగని కాలనీ ఒక్కటీ దొరకలేదు.

7వ దశ: అందించడం

ప్లాస్మిడ్‌ను ఇచ్చేది టి-2, తీసుకునేది కె.టి. 2440. ఇది ఎం.టి.-2 నుంచే, టోల్ ప్లాస్మిడ్ పోయాక వచ్చిన జాతి. 2002లో దీని జీనోమ్ మొత్తం చదివారు. మెటా టోలుయేట్ మీద పెరగదు. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ 100 మైక్రోగ్రాముల ప్లేట్ మీద దీని చిక్కటి కల్చర్ పరిచి, తనంతట తాను తట్టుకున్న కాలనీని ఎంచుకున్నాం. పనికి ముందు కాలేజీ బయోసేఫ్టీ కమిటీకి కాగితం పెట్టాం. మీరూ పెట్టండి.

1. రెండు కల్చర్లూ సమానంగా కలిపి, 0.45 మైక్రాన్ల ఫిల్టర్ మీద లాగి, ఆ ఫిల్టర్‌ను ఎల్.బి. అగర్ మీద 30 డిగ్రీల్లో రాత్రంతా ఉంచాలి.
2. ఫిల్టర్‌ను బఫర్‌లో కడిగి, మెటా టోలుయేట్‌తో పాటు రిఫాంపిసిన్ ఉన్న ప్లేట్ మీద పరచాలి.
3. ఇచ్చేది ఒక్కటే, తీసుకునేది ఒక్కటే విడివిడిగా అదే ప్లేట్ల మీద.

మొదటిసారి 10 మైక్రోగ్రాముల రిఫాంపిసిన్ వాడితే టి-2 ఒక్కటే పరిచిన ప్లేట్ మీద కూడా పలచగా పొర పెరిగింది. ఆ మోతాదు దాన్ని ఆపలేదు. 100కు పెంచాక ఆ ప్లేట్ మీద వేళ్ల మీద లెక్కపెట్టగల కాలనీలు. కోట్ల కణాల్లో ఒకటో రెండో తమంతట తాము రిఫాంపిసిన్‌ను తట్టుకుంటాయి కాబట్టి ఆ మాత్రం తప్పదు. కె.టి. ఒక్కటే పరిచినదాని మీద సున్నా. కలిపినదాని మీద, తీసుకునే కణాలు వెయ్యికి సుమారు 3 చొప్పున. అంకెల మధ్య ఇంత దూరం ఉంటేనే బదిలీ అని చెప్పడానికి ధైర్యం వస్తుంది.

బదిలీ అయినవాటిలో 6 తీసి చూశాం. బాక్స్ వరుస కె.టి.దే. జైల్-ఈ ఉంది. క్యాటికాల్ చల్లితే పసుపు. జెల్ మీద 117 వేల దగ్గర బ్యాండ్. తర్వాత, ప్లాస్మిడ్ పూర్తిగా పోయిన మూడు టి-2 కణాల్లో ఒకదాన్ని రిఫాంపిసిన్‌కు అలవాటు చేసి, దానికీ అందించాం. మెటా టోలుయేట్ మీద మళ్లీ పెరిగింది.

"78 వేల ప్లాస్మిడ్ కూడా బదిలీ అవుతుందా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. పి-డబ్ల్యూ-డబ్ల్యూ-0లో బదిలీ జన్యువులు ఊడిపోయే ముక్కకు బయట ఉంటాయి కాబట్టి అవ్వాలి. కానీ అందుకున్న కణాన్ని ఏరడానికి మన దగ్గర గుర్తు లేదు. దానికి ముందు ఏదైనా యాంటీబయాటిక్ గుర్తు తగిలించాలి. అది వచ్చే బ్యాచ్ పని.

ఎన్-4తోనూ ఇదే చేశాం, నాఫ్తలీన్ ప్లేట్ల మీద. కలిపిన ప్లేట్‌కూ, ఎన్-4 ఒక్కటే పరిచిన ప్లేట్‌కూ తేడా లేదు. అంటే మూడు అవకాశాలు: జన్యువులు క్రోమోజోమ్ మీద ఉండొచ్చు, తనంతట బదిలీ కాని ప్లాస్మిడ్ మీద ఉండొచ్చు, కె.టి.లో నిలవలేని ప్లాస్మిడ్ మీద ఉండొచ్చు. తేల్చాలంటే ప్లాస్మిడ్ బ్యాండ్‌ను మెంబ్రేన్ మీదికి దింపి, నాహ్ జన్యువు ప్రోబ్‌తో సదర్న్ హైబ్రిడైజేషన్ (ఆ జన్యువు ఆ బ్యాండ్‌లోనే ఉందో లేదో చూపే పరీక్ష) చేయాలి. ఆ సదుపాయం మా దగ్గర లేదు. రిపోర్టులో ఎన్-4 కింద "నాఫ్తలీన్‌ను వాడుకుంటుంది, పెద్ద ప్లాస్మిడ్ ఉంది, రెండింటికీ సంబంధం రుజువు కాలేదు" అని రాయించాను. పిల్లలకు నచ్చలేదు, వైవాలో మార్కులు పోతాయని టెన్షన్ పడ్డారు. వాక్యం అలాగే ఉంది.

నిలవ గురించి ఒక మాట. టి-2ను న్యూట్రియెంట్ అగర్ స్లాంట్‌ల మీద తిప్పుతూ పోవద్దు, మెటా టోలుయేట్ ప్లేట్ మీదే తిప్పండి. బెంజోయేట్ మీద అసలే వద్దు. గ్లిసరాల్ 20 శాతంలో మైనస్ 20 దగ్గర పెట్టిన ట్యూబ్‌లను తీసిన ప్రతిసారీ ముందు క్యాటికాల్ చల్లి చూసి, పసుపు వచ్చిన కాలనీ నుంచే పని మొదలుపెట్టండి. బదిలీ అయిన కణాలన్నీ పని అయ్యాక 121 డిగ్రీల ఆటోక్లేవ్‌కు పోయాయి, రెండు ట్యూబ్‌లు తప్ప.

ఆఖరి లెక్క: 38 కాలనీలు, 12 నిలిచినవి, 7 పసుపు, 4 రకాలు, ప్లాస్మిడ్ మీద జన్యువులున్నాయని రుజువైనది 1. ఖర్చు రూ. 21,700, అందులో ప్రైమర్లు, పీసీఆర్ సామానుదే పెద్ద వాటా.